వెన్ను నరాల నొప్పి – మనోవ్యథ: ఒక కొలబద్దపై విమర్శ

ఎద్దు తన నొప్పిని మాటలతో చెప్పలేదు. లేని నొప్పిని ఉన్నట్లు ఊహించుకొంటున్నదని దానిపై ఎవరూ నింద వేయరు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో చేరి ఉన్న రోజులలో, 1930 దశకం తొలి భాగంలో, ఆ జిల్లా రైతులు ఒక సంగతి గమనించారు. దుక్కి ఎద్దులు కాడి కింద నడవలేక నిలబడిపోతున్నాయి. కీళ్ళు బిగుసుకుపోయి, అడుగు తీసి అడుగు వేయడానికే బాధపడుతున్నాయి. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు వైద్యశాస్త్రజ్ఞులు అదే జిల్లా మనుషులలో ఇట్టి బాధనే వర్ణించి, దానికి కారణం తాగునీటిలోని ఫ్లోరైడు అని ప్రకటించారు. వీరిలో షార్ట్ మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందినవారు. మలేరియా క్రిమి రక్తంలో చేరక ముందు కాలేయంలో పెరుగుతుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి చూపినది కూడ ఈయనే. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి వెలువడిన మొదటి గొప్ప నివేదిక ఆ 1937 నాటిదే.

దర్శి ప్రాంతం 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. నాగార్జునసాగరు కుడికాలువ నీరు వచ్చింది; పత్తి, మిరప పొలాలు పెరిగాయి. అయినా బోరు నీటిలో ఫ్లోరైడు అనే సమస్య ఆ మెట్టప్రాంతాన్ని విడిచిపెట్టలేదు. నడుము పట్టివేయడం, కాళ్ళు తిమ్మిరెక్కడం, పిక్కలు లాగడం అక్కడి ఆస్పత్రులలో నిత్యం వినిపించే మాటలు.

ఈ పాత చరిత్రను గుర్తు చేయడానికి ఒక కారణం ఉన్నది. వెన్ను నరాల నొప్పితో వచ్చే రోగులలో మనోవ్యథ శరీర లక్షణాలుగా బయటపడుతుందని నేటి వైద్యగ్రంథాలు చెబుతాయి. దీనిని ‘సొమటైజేషన్’ అంటారు. గ్రీకు భాషలో ‘సోమా’ అంటే శరీరం. ఈ మాటలో నిజం ఉన్నది. కాని ఆ మనోవ్యథను కొలవడానికి వాడే కొలబద్దలలో ఒక దోషం కూడ ఉన్నది. అవి నరం చెప్పే మాటను మనసు చెప్పిన మాటగా లెక్క కట్టగలవు. ఆ దోషం వలన ఎవరికి నష్టమో తెలుసుకోవడానికి దర్శి కంటే మంచి ఉదాహరణ దొరకదు.

నీరు, ఎముక, నరం

ముందు శరీరం సంగతి చూద్దాం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించింది. భారతీయ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము లోపల ఉండడం మంచిది; వేరే నీటివసతి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు ఒప్పుకోవచ్చు. ఎండలో కష్టపడే కూలిమనిషి కచేరీలో కూర్చొనే వానికంటే ఎక్కువ నీరు తాగుతాడు. కనుక ఒకే బావి నీరు తాగినా ఇద్దరి శరీరాలలో చేరే ఫ్లోరైడు ఒకటి కాదు.

ఎముకలోని ఖనిజం ముఖ్యంగా కాల్షియం, ఫాస్ఫేటు, హైడ్రాక్సిల్ అయానులతో ఏర్పడినది. హైడ్రాక్సిల్ అయాను, ఫ్లోరైడు అయాను పరిమాణంలో ఇంచుమించు సమానం. అందుచేత ఫ్లోరైడు దాని స్థానాన్ని సులభంగా ఆక్రమిస్తుంది. ఏండ్ల తరబడి ఇట్లా జరిగితే ఎముక దట్టమవుతుంది, గరుకు తేలుతుంది, అంచులలో మొలకలు వేస్తుంది. ఎముకలను కలిపి ఉంచే స్నాయువులు సైతం సున్నం పట్టి గట్టిపడతాయి.

వెన్నెముకలో ఈ మార్పు ప్రమాదకరం. వెన్నుపాము నుండి 31 జతల నరాలు బయలుదేరి, కశేరువుల మధ్య ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటకు వస్తాయి. ఆ రంధ్రాలు ఇరుకైతే నరాల మొదళ్ళు నలుగుతాయి. మొదట నొప్పి, మంట, తిమ్మిరి, పిమ్మట బలహీనత. వెన్నుపాము నడిచే కాలువే ఇరుకైతే కాళ్ళు కర్రల వలె బిగుసుకొంటాయి. ఇవన్నీ ఒకనాడు వచ్చిపడేవి కావు. తొలిదశలో రోగి చెప్పేవి అక్కడక్కడ పోట్లు, నడుము బిగువు, వేళ్ళలో చీమలు పాకినట్లుండడం మాత్రమే. ఆ దశలో ఎక్స్‌రే చిత్రం మామూలుగానే ఉండవచ్చు. చిత్రంలో కనిపించక ముందే బాధ మొదలవుతుందన్న ఈ ఒక్క సంగతి ఈ విమర్శకు ఆధారం.

ఒక కూలి ఆడమనిషి

మిరపకోతకు పోయే ఒక నలభై అయిదేండ్ల కూలి ఆడమనిషిని ఊహించుకొందాం. ఆమెది దర్శి దగ్గరి ఒక పల్లె. చిన్ననాటి నుండి బోరునీరే తాగింది. రోజంతా వంగి కాయలు కోసి, సాయంత్రానికి నడుము ఎత్తలేకపోతున్నది. డాక్టరు దగ్గరకు పోయి, “నడుం లాగేస్తా ఉందయ్యా. కాళ్ళు తిమ్మిర్లెక్కి బరువైపోతన్నయ్యి. ఒక్కోసారి కాళ్ళు నావి కావనిపిస్తా ఉంది” అంటుంది. ఎక్స్‌రే తీశారు. ‘ఎముకల్లో ఏమీ లేదు’ అన్నారు. ఇంటికి పోయి తాను చెప్పిన మాట మళ్ళీ చెబితే ఇంట్లోవాళ్ళు నమ్మలేదు. పని తప్పించుకోవడానికని మేస్త్రి అనుకొన్నాడు. ఆమెకు నిద్ర పోయింది, ఆకలి పోయింది. గుండె దడ మొదలయింది. రెండవసారి ఆస్పత్రికి పోయినప్పుడు ఆమె చేతిలోని చీటీపై ‘నరాల బలహీనత’ అని ఒక మాట చేరింది.

ఈ ఊహాచిత్రంలో రెండు వేర్వేరు బాధలు ఉన్నాయి. ఒకటి నరానిది, రెండవది మనసుది. రెండవది మొదటిదాని నుండి పుట్టి, తిరిగి దానిని పెంచుతున్నది. వైద్యుడు ఈ రెండింటినీ విడదీసి చూడాలి. కొలబద్ద ఆ పనికి తోడ్పడాలి. అది తోడ్పడుతున్నదా, అడ్డుపడుతున్నదా అన్నదే ప్రశ్న.

ప్రశ్నావళి లెక్క

1970 దశకంలో అమెరికాలో డెరోగాటిస్, ఆయన సహచరులు 90 ప్రశ్నల పట్టిక ఒకటి తయారు చేశారు. ప్రపంచంలోని అనేక భాషలలో అది వాడుకలో ఉన్నది. మనోబాధలను అది తొమ్మిది వర్గాలుగా విడదీస్తుంది. వాటిలో సొమటైజేషన్ ఒకటి. ఈ వర్గానికి 12 అంశాలు ఉన్నాయి. ప్రతిదానికీ రోగి 0 నుండి 4 వరకు గుర్తు వేయాలి. మొత్తాన్ని 12తో భాగిస్తే వచ్చే సగటు ఆ మనిషి గుణకం.

తలనొప్పి, తల తిరగడం, గుండెలో నొప్పి, వికారం, ఊపిరి ఆడకపోవడం, ఒళ్ళు వేడెక్కడం లేక చల్లబడడం, గొంతులో ఉండ అడ్డుపడినట్లుండడం – ఇవి ఏడు. మిగిలిన అయిదు ఏవి? నడుము కింది నొప్పి, కండరాల నొప్పి, శరీరంలో ఏదో భాగం మొద్దుబారడం లేక తిమ్మిరెక్కడం, ఏదో భాగం బలహీనం కావడం, కాలుచేతులు బరువెక్కడం. నడుములోని నరం మొదలు నలిగిన రోగి లక్షణాలను చెప్పమని వైద్యవిద్యార్థిని అడిగితే ఈ అయిదింటినే చెబుతాడు!

ఇప్పుడు లెక్క చూడండి. మనసులో ఏ కలతా లేని ఒక రోగికి నరం నలిగింది. పై ఏడు అంశాలకు అతడు 0 వేశాడు. తక్కిన అయిదింటికి తలా 3 వేశాడు. మొత్తం 15. దానిని 12తో భాగిస్తే 1.25. ఆరోగ్యవంతుల సగటు 1కి చాలా తక్కువగా ఉంటుంది. కనుక ఈ మనిషికి మనోవ్యథ దేహలక్షణాలుగా పరిణమించినదని పట్టిక చెబుతుంది. ఆ అయిదు అంశాలను తీసివేసి, మిగిలిన ఏడింటితోనే లెక్క వేస్తే వచ్చేది 0. ఒకే మనిషి, ఒకే రోజు. ఒక లెక్కలో వ్యథాగ్రస్తుడు, మరొక లెక్కలో నిశ్చింతుడు.

2002లో క్రోంకి, స్పిట్జర్, విలియమ్స్ ప్రకటించిన 15 అంశాల పట్టికకు కూడ ఈ చిక్కు తప్పలేదు. దానిలో ప్రతి అంశానికి 0 నుండి 2 వరకు గుర్తులు. 5 నుండి స్వల్పం, 10 నుండి మధ్యమం, 15 నుండి తీవ్రం అని వర్గీకరణ. వెన్నునొప్పికి 2, కాలుచేతుల నొప్పికి 2, నొప్పి వలన నిద్ర లేనందుకు 2, నిద్ర లేనందువలన అలసటకు 2, నొప్పి మాత్రల వలన మలబద్ధం ఏర్పడినందుకు 2. మొత్తం 10. ఒక్క నరం నలిగినందుకు రోగి మధ్యమ తరగతికి చేరుకొన్నాడు.

కొలబద్దలు చేసినవారిని దీనికి తప్పు పట్టడం న్యాయం కాదు. ఈ లక్షణాలు నిజమైన శరీరవ్యాధి వలన కూడ రావచ్చునని డెరోగాటిస్ ఒప్పుకొన్నాడు. దోషం ఉన్నది వాడుకలో. సామాన్య జనంలో మనోబాధను వెదకడానికి చేసిన జల్లెడను నరాల రోగుల మధ్యకు తెచ్చి, దానిలో పడినవారందరూ మనోరోగులే అనడం సరికాదు. తరగతిలోని పిల్లల ఎత్తు కొలిచే కర్రను బల్లపై నిలబెట్టి కొలిస్తే బల్ల ఎత్తు కూడ పిల్లవాని లెక్కలో చేరుతుంది. తప్పు కర్రది కాదు, బల్లను తీసివేయనివారిది.

అయిదు గుర్తుల కథ

ప్రశ్నలతో పాటు పరీక్ష కూడ ఒకటి ఉన్నది. 1980లో స్కాట్లండుకు చెందిన గోర్డన్ వాడెల్ అనే ఎముకల శస్త్రవైద్యుడు నడుమునొప్పి రోగులలో చూడవలసిన అయిదు రకాల గుర్తులను వర్ణించాడు. తాకితేనే నొప్పి అనడం. తలపై కొద్దిగా ఒత్తినా నడుము నొప్పి అనడం. ఒక భంగిమలో ఎత్తలేని కాలును మాటల్లో పెట్టినప్పుడు మరో భంగిమలో ఎత్తడం. ఏ ఒక్క నరం పరిధికీ సరిపడని విధంగా కాలంతా మొద్దుబారడం. పరీక్షకు అతిగా స్పందించడం. ఇవి మూడు లేక అంతకు మించి కనిపిస్తే రోగి మనఃస్థితిని కూడ పరిశీలించవలసి ఉంటుందని ఆయన అభిప్రాయం.

నాలుగవ గుర్తును దర్శికి అన్వయించి చూడండి. నడుము ఐదవ నరం మొదలు నలిగితే తిమ్మిరి పాదం పైభాగానికి, బొటనవేలికి పోతుంది. త్రికంలోని మొదటి నరం నలిగితే పాదం బయటి అంచుకు, చిటికెనవేలికి పోతుంది. మడమ వెనుక కండర బంధాన్ని సుత్తితో కొట్టినప్పుడు పాదం ఎగరదు. ఒక కశేరు చక్రిక జారినప్పుడు ఇట్టి చక్కని పటం దొరుకుతుంది. కాని ఫ్లోరోసిస్ ఒక రంధ్రాన్ని ఎన్నుకొని ఇరుకు చేయదు. అనేక నరాలు, కొందరిలో వెన్నుపాము కూడ, ఒకేసారి నలుగుతాయి. అప్పుడు కాలంతా మొద్దుబారడమే శరీరశాస్త్రానికి అనుగుణమైన సంగతి. ఒక్క నరం పటాన్ని చేతిలో పెట్టుకొని చూచేవానికి అది మనోరోగంలా కనిపిస్తుంది.

వాడెల్ ఈ ప్రమాదాన్ని ఎరుగని వాడు కాడు. వెన్ను కాలువ ఇరుకైన రోగులలో అనేక నరాల బాధను పొరపాటున ఈ కోవలోకి చేర్చరాదని తొలి వ్యాసంలోనే హెచ్చరించాడు. 1998లో మెయిన్‌తో కలిసి మరొక వ్యాసం వ్రాసి, ఈ గుర్తులు రోగి నటిస్తున్నాడనడానికి రుజువులు కావని, శరీరవ్యాధి లేదనడానికి ఆధారం కూడ కావని స్పష్టం చేశాడు. గుర్తులు ఎల్లెడలా వ్యాపించాయి. హెచ్చరిక మాత్రం వాటంత దూరం పోలేదు.

మనసు పని నిజమే

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, మనోవ్యథ శరీరంలో కనిపించడమన్నది వట్టి కల్పన అని ఎవరైనా అనుకొంటే అది రెండవ పొరపాటు. తెలుగువారి నుడికారమే దీనికి సాక్ష్యం. దుఃఖం వస్తే గుండె బరువెక్కుతుంది. భయం వేస్తే కాళ్ళు చేతులు ఆడవు. జాలి కలిగితే కడుపు తరుక్కుపోతుంది. పిల్లల పెళ్ళి, అప్పు నెత్తిన పడితే నడుము విరుగుతుంది. వీటిని అలంకారాలని తోసివేయడానికి వీలులేదు. వీటి వెనుక శరీరధర్మం ఉన్నది.

ఒక ఉదాహరణ: ఆందోళనలో ఉన్న మనిషి తనకు తెలియకుండానే వేగంగా ఊపిరి తీస్తాడు. అవసరానికి మించి బొగ్గుపులుసు వాయువు బయటకు పోతుంది. రక్తం క్షారగుణం కొద్దిగా పెరుగుతుంది. దానితో రక్తంలో స్వేచ్ఛగా ఉండే కాల్షియం అయానులు తగ్గుతాయి; నరాలు తేలికగా ఉద్రేకం చెందుతాయి. ఫలితం – వేళ్ళ చివర, పెదవుల చుట్టూ తిమ్మిరి. ఈ తిమ్మిరి నిజమైనది; రసాయనశాస్త్రం దానిని వివరించగలదు. ఐతే ఇది సాధారణంగా రెండు చేతులలో, మూతి చుట్టూ వస్తుంది. ఊపిరి నెమ్మదించగానే తగ్గుతుంది. నరం మొదలు నలిగిన తిమ్మిరి తన దారిలోనే పోతుంది. వినే ఓపిక ఉంటే రెండింటినీ వేరు చేయవచ్చు.

మరొకటి: 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు నొప్పికి ఒక ద్వారం ఉన్నదనే సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. శరీరం నుండి వచ్చే నొప్పి వార్త వెన్నుపాములో ఒక ద్వారం దాటాలి. ఆ ద్వారాన్ని మెదడు నుండి దిగివచ్చే నరాలు కొంత మూయగలవు, కొంత తెరవగలవు. ఈ సిద్ధాంతంలోని వివరాలు తరువాత ఎంతో మారాయి. కాని మెదడు నుండి కిందికి ఒక అదుపు ఉన్నదన్న మూలసూత్రం నిలిచింది. ఆ అదుపులో సెరటోనిన్, నార్ఎడ్రినలిన్ అనే పదార్థాలు పాల్గొంటాయి. మానసిక స్థితితో సంబంధం ఉన్నవి కూడ ఆ పదార్థాలే. నరాల నొప్పులు కొన్నింటిలో ఎమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్ వంటి దిగులు మందులు ఉపయోగపడడానికి కారణం ఇదే. ఆ మందు వ్రాసినంత మాత్రాన వైద్యుడు రోగిని పిచ్చివానిగా భావించినట్లు కాదు. ఈ సంగతి రోగికి చెప్పకపోవడం మాత్రం తప్పే.

కనుక దిగులు, నిద్రలేమి, భయం నరాల నొప్పిని పెంచుతాయి. పంట పోయిన ఏడు నడుమునొప్పి ఎక్కువైనదని రైతు చెబితే అది అబద్ధం కాదు. అదే సమయంలో, పంట పోయిందన్న కారణంతో అతని వెన్నెముకను పరీక్షించకుండా వదలడం వైద్యం కాదు.

చిత్రపటానికి దాస్యం

దీనికి ఎదురుగా మరొక మూఢనమ్మకం ఉన్నది. చిత్రంలో కనిపించినదే రోగమనడం! 1934లో మిక్స్‌టర్, బార్ అనే అమెరికా వైద్యులు కశేరువుల నడుమ ఉండే చక్రిక పగిలి నరాన్ని నొక్కితే కాలినొప్పి వస్తుందని చూపారు. ఆనాటి నుండి నడుమునొప్పి అంటే చక్రికే అన్న భావం స్థిరపడింది. ఎం.ఆర్.ఐ. వచ్చిన తరువాత ఆ భావం మరింత బలపడింది. 2015లో బ్రింజిక్జి, ఆయన సహచరులు అంతకు ముందరి అధ్యయనాలను కలిపి చూశారు. ఏ నొప్పీ లేనివారిలో సైతం 20 ఏండ్ల వయసులో నూటికి 37 మందికి, 80 ఏండ్ల వయసులో నూటికి 96 మందికి చక్రికలు అరిగిన గుర్తులు ఉన్నాయి. కనుక చిత్రంలో మరక ఉన్నంత మాత్రాన బాధకు అదే కారణమని చెప్పలేము.

దర్శిలో ఈ మూఢనమ్మకానికి స్థానికమైన రూపం ఒకటి ఉండగలదు. ప్రతి నొప్పినీ నీటి మీదికి నెట్టడం! ఫ్లోరైడు ఉన్న ఊరిలో మనుషులకు చక్రికలు జారవా? క్షయ వెన్నెముకకు సోకదా? విటమిన్ లోపాలు రావా? భర్త పోయిన ఆడమనిషి దిగులుతో కుంగిపోదా? నీటిని నిందించి ఊరుకొంటే ఇవన్నీ మరుగున పడతాయి. ‘అంతా మనసులోనే’ అన్నవాడు ఎముకను చూడలేదు. ‘అంతా నీటిలోనే’ అన్నవాడు మనిషిని చూడలేదు.

లేమి రుజువు కాదు

ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక తర్కదోషం. శరీరంలో కారణం దొరకకపోతే మనసే కారణమని తీర్మానించడం ఆ దోషం. దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ ఉన్మాదాన్ని గురించి ప్రకటించిన గ్రంథంలో కాళ్ళనొప్పితో నడవలేని ఒక యువతి కథ ఉన్నది. మనోవ్యథ దేహలక్షణంగా మారడానికి దానిని ఉదాహరణగా చూపుతారు. ఆ నొప్పి మొదట కీళ్ళవాతం వంటి శరీరకారణంతోనే మొదలై ఉండవచ్చునని, వ్యథ దానిపై వచ్చి చేరిందని ఫ్రాయిడే భావించాడు. తరువాతి వారు ఈ సగం మాటను మరచిపోయారు.

1965లో లండనులోని మానసిక వైద్యుడు ఎలియట్ స్లేటర్ ‘ఉన్మాదం’ అని నిర్ణయించిన 85 మంది రోగుల తదుపరి చరిత్రను పరిశీలించాడు. వారిలో చాలామందికి శరీరవ్యాధులు బయటపడ్డాయి. ఐతే న్యాయం కోసం తరువాతి కథ కూడ చెప్పాలి. 2005లో స్టోన్, ఆయన సహచరులు అంతవరకు వచ్చిన అధ్యయనాలన్నింటినీ సమీక్షించారు. ఇట్టి పొరపాటు నిర్ణయాలు 1950 దశకంలో నూటికి 29 ఉండగా, 1970 దశకం నుండి నూటికి 4కు తగ్గాయి. ఈ తగ్గుదలకు కొత్త యంత్రాలకంటె అధ్యయనాల నాణ్యత పెరగడమే కారణం కావచ్చునని వారే అన్నారు. అంటే నాడీ నిపుణుడు శ్రద్ధగా చూచి నిర్ణయిస్తే పొరపాటు తక్కువ. దర్శి వంటి చోట ఆ శ్రద్ధ ఎంతమందికి దొరుకుతుందన్నది విచారించదగిన విషయం.

ఆ నిపుణుడు దేనిని చూస్తాడు? లేమిని కాదు, ఉన్నదానిని. 1908లో హూవర్ అనే అమెరికా వైద్యుడు వర్ణించిన పరీక్ష ఇందుకు ఉదాహరణ. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, బలహీనమైన కాలి మడమను కిందికి నొక్కమంటారు, అతడు నొక్కలేడు. తరువాత బాగున్న కాలును పైకి ఎత్తమంటారు. అప్పుడు ఆ ‘బలహీనమైన’ మడమ తనంతట తానే గట్టిగా కిందికి నొక్కితే, నరం దారి బాగున్నదని, దానిని నడిపే తీరులో లోపం ఉన్నదని తెలుస్తుంది. ఇది రోగి నటిస్తున్నాడనడానికి గుర్తు కాదు. మెదడు పనితీరులో వచ్చిన చిక్కుకు గుర్తు. దానికి తగిన వ్యాయామచికిత్స ఉన్నది. ఇట్లా కంటికి కనిపించే గుర్తుతో చేసిన నిర్ణయానికీ, ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు, కనుక మనసే’ అన్న నిర్ణయానికీ భూమ్యాకాశాల తేడా ఉన్నది.

2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం అయిదవ ముద్రణ ఈ తర్కదోషాన్ని సవరించడానికి ప్రయత్నించింది. శరీరకారణం దొరకకపోవడం అన్న నియమాన్ని తొలగించింది. లక్షణం గురించి రోగి పడే ఆందోళన, దానికై వెచ్చించే కాలం హద్దు మీరినవా అన్నదే చూడమన్నది. ఇది ముందడుగే. కాని హద్దును ఎవరు గీస్తారు? దినకూలీపై బతికే మనిషి కాలు మొద్దుబారితే, రేపటి కూలి ఎట్లా అన్న భయం అతిభయమా? అంతకు ముందరి ముద్రణకు నాయకత్వం వహించిన ఎలెన్ ఫ్రాన్సిస్ అనే వైద్యుడే, ఈ కొత్త నిర్వచనం చాలామంది శరీరరోగులను మనోరోగుల జాబితాలో చేర్చగలదని అదే ఏడాది విమర్శించాడు. ఆ విమర్శ దర్శి కూలిమనిషికి అందరికంటె ముందు వర్తిస్తుంది.

చేయదగినది

కొలబద్దలను పారవేయవలసిన అవసరం లేదు. వాటిని సవరించి వాడవచ్చు. నరాల రోగుల విషయంలో పట్టికను రెండుసార్లు లెక్క వేయాలి – నరానికి సంబంధించిన అంశాలతో ఒకసారి, అవి లేకుండా మరొకసారి. రెండవ లెక్కలో కూడ గుణకం ఎక్కువగా ఉంటే మనోవ్యథను శ్రద్ధగా విచారించాలి. మొదటి లెక్కలోనే ఎక్కువ ఉంటే నరాన్ని మళ్ళీ పరీక్షించాలి. ఫ్లోరైడు ప్రాంతాలలో మరొక నియమం చేర్చాలి. వెన్ను చిత్రం ఒక్కదానితో ఊరుకోక తాగునీటిని పరీక్షించాలి. మూత్రంలో ఫ్లోరైడును కొలవాలి. ముంజేతి రెండు ఎముకల నడుమ ఉండే పొర సున్నం పట్టినదేమో ఎక్స్‌రేలో చూడాలి. ఈ చివరిది ఫ్లోరోసిస్‌కు మంచి గుర్తు.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు కూడ ఇందులో పని ఉన్నది. విద్యార్థుల పళ్ళపై పసుపు, గోధుమరంగు చారలు ఒకే పల్లె పిల్లలలో ఎక్కువగా కనిపిస్తే ఆ పల్లె నీటిని పరీక్షకు పంపించడానికి అది చాలు. ఇంట్లో పెద్దవారికి కాళ్ళ బలహీనత నానాటికి పెరుగుతున్నా, మూత్రం లేక మలం అదుపు తప్పినా, తొడల నడుమ మొద్దుబారినా – అది మనసుదా, ఎముకదా అన్న చర్చకు తావులేదు. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. ఆలస్యమైతే నలిగిన నరం తిరిగి కోలుకోకపోవచ్చు. నీరు మార్చినంత మాత్రాన గట్టిపడిన స్నాయువు మెత్తబడదు. అందుకే ముందు తెలుసుకోవడం ముఖ్యం.

అన్నింటికంటె చౌక అయిన పరికరం ప్రశ్న. ‘ఎక్కడ మొదలవుతుంది? ఏ వేలి దాకా పోతుంది? ఎప్పుడు తగ్గుతుంది?’ అన్నవి నరాన్ని అడిగే ప్రశ్నలు. ‘నిద్ర పడుతున్నదా? పనికి పోగలుగుతున్నారా? దేనికి భయపడుతున్నారు?’ అన్నవి మనిషిని అడిగే ప్రశ్నలు. ఈ రెండు వరుసలూ అడిగి, రెంటికీ జవాబులు విన్న వైద్యునికి పట్టికలోని అంకె సాయం చేస్తుంది. అడగని వైద్యునికి ఆ అంకె అడ్డుతెర అవుతుంది.

1930 దశకంలో నెల్లూరు జిల్లా రైతులు నోరులేని ఎద్దు నడకను చూచి రోగాన్ని పసిగట్టారు. ప్రశ్నావళి లేదు, చిత్రపటం లేదు; రోజూ చూచే కన్ను, నమ్మే మనసు ఉన్నాయి. నోరున్న మనిషి ‘కాళ్ళు నావి కావనిపిస్తా ఉంది’ అని చెప్పినప్పుడు, ఆ ఎద్దుకు దొరికినంత నమ్మకం ఆమెకు కూడ దొరకాలి.